నడుము నొప్పికి సూది మందు: ఎవరికి పనిచేస్తుంది, ఎన్నాళ్లు?

వెన్నులో సూది వేయించుకుంటే నడుము నొప్పి తగ్గుతుందా అని అడిగేవారిని ముందుగా తిరిగి అడగవలసిన ప్రశ్న ఒకటుంది: నొప్పి ఎక్కువగా ఉన్నది నడుములోనా, కాలిలోనా? పిర్ర దగ్గర మొదలై తొడ వెనుక నుంచి పిక్క మీదుగా పాదం దాకా కరెంటు షాకులా లాగే నొప్పి వేరు, వంగినప్పుడో ఎక్కువసేపు కూర్చున్నప్పుడో నడుము మధ్యలో పట్టేసే నొప్పి వేరు. మొదటిది వెన్నుపూసల మధ్య నుంచి బయటికి వచ్చే నరం మొదట్లో వాపు వచ్చినప్పుడు పుడుతుంది. దానినే సయాటికా అంటారు. రెండోదానికి చాలామందిలో ఫలానా చోటు నుంచే వస్తోందని వేలు పెట్టి చూపగల కారణం దొరకదు. గత మూడు దశాబ్దాలలో ఇంజెక్షన్ల మీద జరిగిన పరీక్షలను ఒకచోట పెట్టి చూస్తే ఈ రెండు నొప్పులకూ వచ్చిన ఫలితాలు ఒకటి కావు. మొదటిదానికి కొంత ఉపశమనం, అదీ కొద్దికాలం; రెండోదానికి దాదాపు ఏమీ లేదు. ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పకపోవడం వల్ల ఎంతోమంది తమ నొప్పికి పనికిరాని సూదిని అప్పు చేసి మరీ వేయించుకుంటున్నారు.

ఇది కొద్దిమంది బాధ కాదు. 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మంది నడుము నొప్పితో ఉన్నారనీ, 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరుతుందనీ అంతర్జాతీయ వ్యాధిభార అధ్యయనం లెక్క కట్టింది. వరినాట్లలో రోజంతా వంగి ఉండే కూలీకీ, గతుకుల రోడ్డు మీద ఆటో నడిపేవారికీ, కంప్యూటరు ముందు పది గంటలు కదలకుండా కూర్చునే ఉద్యోగికీ ఇది తెలిసిన బాధే. ఇంతమంది బాధపడుతున్న చోట త్వరగా తగ్గిస్తామనే చికిత్సకు గిరాకీ ఉండడం సహజం.

"సూది వేయండి" అన్న మాటకు వాడుకలో మూడు నాలుగు అర్థాలున్నాయి. పల్లెల్లో చాలామందికి తెలిసినది పిర్రకు వేసే ఇంజెక్షన్. అందులో ఉండేది సాధారణంగా డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందు; కొన్నిచోట్ల దానికి స్టెరాయిడ్‌నూ, బి12 విటమిన్‌నూ కలుపుతారు. ఆ మందు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది తప్ప నడుములో ప్రత్యేకంగా చేసే పనేమీ లేదు. మాత్ర వేసుకోగలిగినవారికి అదే మందు మాత్రగా ఇచ్చినా దాదాపు అంతే ఫలితం ఉంటుంది. పైగా సూదిని పిర్రలో తప్పు చోట గుచ్చితే అక్కడి పెద్ద నరం దెబ్బతిని పాదం పైకి లేవకుండా పోయే ప్రమాదం ఉంది. దీని గురించి ఇంతకంటే చెప్పుకోవలసింది లేదు. అసలు చర్చ వెన్ను దగ్గర వేసే ఇంజెక్షన్ల గురించే.

వాటిలో ముఖ్యమైనది ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ ఇంజెక్షన్. వెన్నుపాము నరాలను చుట్టి ఉండే పొరకు వెలుపల, ఎముక గొట్టానికి లోపల, కొవ్వుతోనూ సన్నని రక్తనాళాలతోనూ నిండిన ఒక సందు ఉంటుంది. ఆ సందులోకి మందు పంపే పద్ధతిని 1901లో ఫ్రాన్సులో సికార్, కాతెలాఁ అనే ఇద్దరు వైద్యులు విడివిడిగా ప్రకటించారు. అప్పుడు వాడినది కొకైన్. 1934లో అమెరికాలో మిక్స్‌టర్, బార్ అనే శస్త్రవైద్యులు వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ చీలి నరాన్ని నొక్కడం వల్లే సయాటికా వస్తుందని చూపించడంతో, నొక్కుతున్న ముక్కను తీసేస్తే సరిపోతుందన్న ఆలోచన బలపడింది. 1950ల మొదట్లో ఇటలీ, ఫ్రాన్సు వైద్యులు నరం మొదట్లోకి హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించడం మొదలుపెట్టారు. ఒత్తిడి ఒక్కటే కారణమైతే స్టెరాయిడ్‌కు అక్కడ పనే లేదు. కానీ డిస్క్ లోపలి జిగురు పదార్థం బయటికి వచ్చినప్పుడు శరీరం దానిని పరాయి వస్తువుగా చూసి దాడి చేస్తుందనీ, ఆ దాడిలో పుట్టే రసాయనాలు నరాన్ని మండిస్తాయనీ తరువాతి పరిశోధనలో తేలింది. స్టెరాయిడ్ చల్లార్చేది ఈ మంటనే. జారిన ముక్కను అది వెనక్కి నెట్టదు, కరిగించదు.

ఈ ఇంజెక్షన్ వేసే తీరు తెలిస్తే దాని పరిమితి కూడా అర్థమవుతుంది. రోగిని పొట్ట కింద దిండు పెట్టి బోర్లా పడుకోబెడతారు. చర్మానికి తిమ్మిరి మందు ఇచ్చాక, ఎక్స్‌రే యంత్రంలో ఎప్పటికప్పుడు చూసుకుంటూ పొడవాటి సన్నని సూదిని నరం బయటికి వచ్చే రంధ్రం వైపు మిల్లీమీటరు మిల్లీమీటరుగా జరుపుతారు. ముందుగా కొద్దిగా రంగు ద్రవం పంపితే తెర మీద అది నరం వెంట సన్నని గీతలా పాకుతుంది. రక్తనాళంలోకి పోతే క్షణంలో కొట్టుకుపోయి మాయమవుతుంది. సరైన చోట ఉన్నట్టు తేలాకే అసలు మందు. అది లోపలికి వెళ్తున్నప్పుడు చాలామందికి ఇన్నాళ్లుగా బాధిస్తున్న అదే నొప్పి అదే దారిలో ఒక్కసారి కాలి కిందికి దిగినట్టు అనిపిస్తుంది. మొత్తం పని అరగంటలోపే అయిపోతుంది. తిమ్మిరి మందు ప్రభావం కొన్ని గంటలే ఉంటుంది. స్టెరాయిడ్ పని మొదలుపెట్టడానికి రెండు రోజుల నుంచి వారం పడుతుంది. కాబట్టి బల్ల దిగగానే తగ్గిన నొప్పి మర్నాటికి తిరిగి వచ్చిందని కంగారు పడవలసిన పనీ లేదు, ఆ కాసేపటి ఉపశమనాన్ని చూసి నయమైందనుకోవలసిన పనీ లేదు.

ఇక ఫలితాల మాట. 1997లో కెనడా వైద్యులు డిస్క్ జారి సయాటికాతో బాధపడుతున్న 158 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి స్టెరాయిడ్, మరో వర్గానికి ఉప్పునీరు ఇచ్చారు. ఎవరికి ఏది వెళ్లిందో రోగికీ, పరీక్షించేవారికీ తెలియదు. ఆరు వారాల దగ్గర స్టెరాయిడ్ వర్గంలో కాలి నొప్పి కొంత తక్కువగా ఉంది. మూడు నెలలకు ఆ తేడా పోయింది. ఏడాది తిరిగేసరికి ఆపరేషన్ దాకా వెళ్లినవారు ఒక వర్గంలో 25.8 శాతం, మరో వర్గంలో 24.8 శాతం. అంటే ఇంజెక్షన్ ఆపరేషన్‌ను తప్పించలేదు. 2005లో బ్రిటన్‌లో 228 మంది మీద జరిగిన పరీక్షలోనూ ఇదే కథ: మూడో వారంలో కొంత మేలు కనిపించింది, ఆరో వారం నుంచి ఏడాది దాకా తేడా లేదు.

ఇలాంటి 25 పరీక్షలను, మొత్తం 2,470 మందిని కలిపి లెక్క కట్టి 2020లో కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధకుల సంస్థ ఒక సమీక్ష ప్రచురించింది. నొప్పిని సున్నా నుంచి 100 దాకా కొలిచే కొలబద్ద మీద ఎపిడ్యూరల్ స్టెరాయిడ్, ఉత్తుత్తి ఇంజెక్షన్ కంటే అదనంగా తగ్గించిన కాలి నొప్పి సగటున 4.93 పాయింట్లు. కాగితం మీద పది సెంటీమీటర్ల గీత గీసి, ఒక కొసన "నొప్పి లేదు", రెండో కొసన "భరించలేని నొప్పి" అని రాసుకుంటే ఆ తేడా ఎంతో కళ్లకు కడుతుంది: అర సెంటీమీటరు, అంటే వేలిగోటి వెడల్పు కూడా కాదు. రోగికి తేడా తెలియాలంటే కనీసం పది పాయింట్లయినా తగ్గాలని చాలామంది పరిశోధకులు భావిస్తారు. ఆ లెక్కన ఈ మేలు నిజమే గానీ చాలా చిన్నది.

అయితే సగటు అన్నది ఒక్కోసారి అసలు విషయాన్ని కప్పేస్తుంది. పదిమందిలో ముగ్గురికి బాగా తగ్గి ఏడుగురికి ఏమీ తగ్గకపోయినా సగటు చిన్నదిగానే వస్తుంది. 2010లో ఆస్ట్రేలియాలో 150 మందిని ఐదు వర్గాలుగా చేసిన పరీక్ష ఈ కోణంలో చూడదగ్గది. నరం రంధ్రం దగ్గరికి సూటిగా స్టెరాయిడ్ పంపినవారిలో 54 శాతం మందికి నెల తిరిగేసరికి నొప్పి సగమో, అంతకంటే ఎక్కువో తగ్గింది. అదే చోట తిమ్మిరి మందు మాత్రమే పంపినవారిలో 7 శాతానికి, ఉప్పునీరు పంపినవారిలో 19 శాతానికి, స్టెరాయిడ్‌నే కండకు ఇచ్చినవారిలో 21 శాతానికి మాత్రమే అంత ఉపశమనం దొరికింది. సరైన రోగికి, సరైన చోట పడితే పనిచేస్తుందని నొప్పి వైద్య నిపుణులు వాదించేది ఇలాంటి ఫలితాలు చూపించే. ఆ వాదనను కొట్టిపారేయలేం. కాకపోతే ఆ పరీక్షలోనూ కాలం గడిచేకొద్దీ ఉపశమనం నిలబెట్టుకున్నవారి సంఖ్య తగ్గుతూ వచ్చింది.

దీనికి తోడు సయాటికా స్వభావం ఒకటి గుర్తుంచుకోవాలి. చాలామందిలో అది కొన్ని వారాల నుంచి మూడు నెలల లోపు ఆపరేషన్ లేకుండానే నెమ్మదిస్తుంది. జారిన డిస్క్ ముక్క పెద్దదై పూర్తిగా తెగి బయటపడితే, శరీరంలోని కణాలు దానిని తినేసి కరిగించే అవకాశం చిన్న ఉబ్బు కంటే ఎక్కువ. స్కాన్‌లో భయంకరంగా కనిపించిన ముక్క ఏడాది తరువాత తీసిన స్కాన్‌లో కనిపించకపోవడం వైద్యులకు కొత్త కాదు. కాబట్టి ఐదో వారంలో సూది వేయించుకుని ఎనిమిదో వారంలో కోలుకున్న మనిషి ఆ సూదే తనను నిలబెట్టిందని నమ్మడంలో తప్పు లేదు. అతని అనుభవం అదే. కానీ సూది లేకపోయినా అతను ఎనిమిదో వారంలోనో, పదో వారంలోనో కోలుకునేవాడేమో తెలియాలంటే పక్కన ఉప్పునీటి వర్గం ఉండి తీరాలి.

ఇంతకూ ఆ కొద్ది వారాల ఉపశమనానికి విలువ లేదా? ఉంది. రాత్రి పక్క మీద ఎటు తిరిగినా కాలు లాగి నిద్ర లేక, పని మానేసి, నొప్పి మాత్రలతో కడుపు మండుతున్న మనిషికి మూడు వారాలు హాయిగా నిద్రపట్టడం చిన్న సంగతి కాదు. బ్రిటన్‌లో ఏ చికిత్స ఎవరికి ఇవ్వవచ్చో చెప్పే ప్రభుత్వ సంస్థ నైస్ 2016 మార్గదర్శకాలు ఈ తేడాను స్పష్టంగా పాటించాయి: ఇటీవల మొదలై తీవ్రంగా ఉన్న సయాటికాకు ఎపిడ్యూరల్‌ను పరిశీలించవచ్చు, వట్టి నడుము నొప్పికి మాత్రం వెన్ను ఇంజెక్షన్లు ఇవ్వవద్దు. 2021లో ఆ దేశంలోనే 163 మంది మీద జరిగిన మరో పరీక్ష, డిస్క్ జారి సయాటికా ఏడాది లోపు ఉన్నవారిలో ఆపరేషన్‌నూ ఇంజెక్షన్‌నూ పోల్చింది. 18 వారాల దగ్గర రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇంజెక్షన్ ఖర్చు చాలా తక్కువ, తీవ్రమైన దుష్ఫలితాలు ఆపరేషన్ వర్గంలోనే కనిపించాయి. ఆపరేషన్ చేయించుకుందామని నిర్ణయానికి వచ్చినవారు ముందు ఒక ఇంజెక్షన్ ప్రయత్నించి చూడడం సబబేనని దీని నుంచి గట్టిగానే చెప్పవచ్చు. అయితే మూత్రం బిగుసుకుపోవడం, మలమూత్ర స్థానాల చుట్టూ స్పర్శ పోవడం, పాదం రోజురోజుకూ బలహీనపడడం కనిపిస్తే ఇంజెక్షన్ చర్చకే తావు లేదు. అటువంటివారిని ఆ రోజే పెద్దాసుపత్రికి చేర్చాలి.

వయసు మళ్లినవారిలో వెన్ను గొట్టం ఇరుకైపోయి వచ్చే బాధ ఇంకో తీరు. వంద అడుగులు నడవగానే రెండు కాళ్లూ బరువెక్కి తిమ్మిరెక్కుతాయి; అరుగు మీద కూర్చుంటేనో, ముందుకు వంగితేనో తేలికపడుతుంది. వీరిలో 400 మందిని తీసుకుని అమెరికాలో 16 కేంద్రాలలో జరిపిన పరీక్ష 2014లో వెలువడింది. తిమ్మిరి మందుతో పాటు స్టెరాయిడ్ ఇచ్చినా, తిమ్మిరి మందు ఒక్కటే ఇచ్చినా ఆరు వారాలకు ఫలితం ఒకటే. ఎముక పెరిగి దారి ఇరుకైన చోట వాపు తగ్గించే మందు పెద్దగా సాధించలేదన్నది తర్కానికీ అందే విషయమే. నైస్ కూడా ఈ జబ్బుకు ఎపిడ్యూరల్ వద్దనే చెప్పింది.

ఇప్పుడు అందరికంటే ఎక్కువమందిని పీడించే వట్టి నడుము నొప్పి. ఎంఆర్ఐ కవరు చంకలో పెట్టుకుని వచ్చే రోగి సాధారణంగా చెప్పే మాట "మూడు చోట్ల డిస్క్ జారింది, పూసల మధ్య గ్యాప్ వచ్చింది" అని. నడుము కింది పూసలను సూచించే ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అన్న రిపోర్టులోని అక్షరాలు అతనికి కంఠస్థం. కానీ ఏ నొప్పీ లేనివారికి తీసిన స్కాన్‌లను సమీక్షించిన 2015 నాటి అధ్యయనంలో, ఇరవైల వయసువారిలో 30 శాతం మందికీ, ఎనభైల వయసువారిలో 84 శాతం మందికీ డిస్క్ ఉబ్బు కనిపించింది. అంటే అది చాలావరకు తల నెరవడం వంటి మార్పు. ఫిల్ములో కనిపించిన ప్రతి ఉబ్బుకూ గురిపెట్టి సూది వేస్తే నొప్పి తగ్గకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

వెన్నుపూసల వెనుక చిన్న కీళ్లలోకి వేసే ఫాసెట్ ఇంజెక్షన్లూ, ఆ కీళ్లకు వెళ్లే సన్నని నరాలను వేడితో కాల్చే రేడియో ఫ్రీక్వెన్సీ చికిత్సా ఈ వర్గానికే వస్తాయి. కీలులోకి స్టెరాయిడ్ వేస్తే మేలన్నదానికి బలమైన ఆధారం లేదు. నరాలు కాల్చడం మీద నెదర్లాండ్స్‌లో 681 మందితో చేసిన మూడు పరీక్షల ఫలితాలు 2017లో వచ్చాయి: వ్యాయామంతో పాటు ఆ చికిత్స ఇచ్చినా, వ్యాయామం ఒక్కటే చేయించినా రోగికి పట్టింపైన తేడా లేదు. ఆ పరీక్షలలో రోగులను ఎంచుకున్న పద్ధతి సరిగా లేదని నిపుణులు అభ్యంతరం చెప్పారు. నైస్ మాత్రం, నొప్పి పదిలో ఐదు, అంతకు మించి ఉండి, ముందుగా వేసిన పరీక్ష ఇంజెక్షన్‌తో బాగా తగ్గిన దీర్ఘకాలిక రోగులకు ఆ చికిత్సను పరిశీలించవచ్చని అంటోంది. 2025లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రిక ప్రచురించిన అంతర్జాతీయ మార్గదర్శకం అంతకంటే కఠినంగా ఉంది. 81 పరీక్షలను విశ్లేషించి, క్యాన్సర్, ఇన్‌ఫెక్షన్, కీళ్లవాపు జబ్బులు కారణం కాని దీర్ఘకాలిక వెన్నునొప్పికి ఎపిడ్యూరల్ సహా సాధారణంగా వాడే ఇంజెక్షన్లనూ, నరాలు కాల్చడాన్నీ ఇవ్వవద్దని గట్టిగా సిఫారసు చేసింది. రకరకాల జబ్బులను ఒకే గాటన కట్టారని నొప్పి వైద్యుల సంఘాలు నిరసించాయి. ఆ విమర్శలో కొంత న్యాయముంది. కానీ ఒక చికిత్స దశాబ్దాలుగా వాడుకలో ఉండి కూడా మూడు నెలలు దాటిన నొప్పిలో తన మేలును నిస్సందేహంగా రుజువు చేసుకోలేకపోతే, ఆ రుజువు చూపవలసిన బాధ్యత చికిత్స ఇచ్చేవారిదే గానీ రోగిది కాదు. నగరాల్లో ఇప్పుడు ప్రచారంలో ఉన్న పీఆర్‌పీ (రోగి రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం), ఓజోన్, మూలకణాల ఇంజెక్షన్ల వెనుక ఉన్న ఆధారాలు ఇంతకంటే పలచన.

ప్రమాదం అరుదే, అయినా లేదనుకోకూడదు. స్టెరాయిడ్‌ను ఎపిడ్యూరల్‌గా ఇచ్చినప్పుడు అరుదుగా చూపు పోవడం, పక్షవాతం, మరణం సంభవించవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014 ఏప్రిల్‌లో హెచ్చరించింది. ముద్దకట్టే రేణువులున్న స్టెరాయిడ్ పొరపాటున రక్తనాళంలోకి పోయి వెన్నుపాముకో, మెదడుకో రక్తం అందకుండా అడ్డుపడడం ఇందుకు ఒక కారణం. అందుకే రేణువులు లేని డెక్సామెథసోన్‌ను చాలామంది ఎంచుకుంటున్నారు. 2012లో మసాచుసెట్స్‌లోని ఒక మందుల తయారీ కేంద్రం నుంచి వచ్చిన స్టెరాయిడ్ సీసాలలో బూజు చేరి 20 రాష్ట్రాలలో 753 మంది జబ్బు పడ్డారు, 64 మంది చనిపోయారని మరుసటి ఏడాది నాటి ప్రభుత్వ లెక్క. తెలుగు కుటుంబాలలో ఎక్కువగా ఎదురయ్యే సమస్య మాత్రం షుగరు. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో వెల్లడించింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ తరువాత కొన్ని రోజులు, కొందరిలో వారం దాకా, రక్తంలో చక్కెర బాగా పెరుగుతుంది. అదుపులో లేని షుగరుతో సూదికి వెళ్లడం ఇన్‌ఫెక్షన్‌ను పిలిచినట్టే. గుండెజబ్బుకు రక్తం పలచబరిచే మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి; వాటిని ఆపాలా వద్దా అన్నది ఆ మందులు రాసిన డాక్టరును అడిగి తేల్చుకోవాలే గానీ సొంతంగా ఆపకూడదు. "కాన్పు ఆపరేషన్‌కు వెన్నులో సూది వేశారు, అప్పటి నుంచే ఈ నడుము నొప్పి" అని ఇళ్లలో తరచూ వినబడే మాటకు మాత్రం ఆధారం లేదు. సూది గుచ్చిన చోట నాలుగు రోజుల సలుపు ఉండవచ్చు, అంతే. కాన్పు తరువాతి దీర్ఘకాలిక నడుము నొప్పి ఆ సూది తీసుకోనివారిలోనూ అంతే కనిపిస్తుంది.

ఒకటి వేస్తే తగ్గలేదు కాబట్టి రెండోది, రెండోది కాబట్టి మూడోది అంటూ ముందే మూడింటి ప్యాకేజీ మాట్లాడుకోవడం సరైన పద్ధతి కాదు. మొదటి ఇంజెక్షన్‌తో రెండు మూడు వారాల్లో కాలి నొప్పి గణనీయంగా తగ్గకపోతే అదే మందును అదే చోట మళ్లీ వేసినందువల్ల కలిసివచ్చేది తక్కువ, శరీరంలో చేరే స్టెరాయిడ్ మాత్రం పెరుగుతుంది. తగ్గి, నెలల తరువాత తిరగబెట్టినవారి సంగతి వేరు. వారికి ఇంకొకటి ఇవ్వడంలో అర్థముంది. తగ్గినవారికి అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఇన్నాళ్లూ నొప్పికి భయపడి కదలని నడుమును రోజూ కొంతసేపు నడిపించడం, ఫిజియోథెరపిస్టు చూపిన వ్యాయామాలు చేయడం, వంగి ఎత్తే బరువులను కొన్నాళ్లు మోకాళ్లు మడిచి ఎత్తడం ఆ మూడు నుంచి ఆరు వారాల్లోనే సాధ్యం. ఇంజెక్షన్ వేయించుకోవాలా అన్న ప్రశ్నతో పాటు ఆ వారాల్లో ఏం చేయాలన్నది కూడా బల్ల ఎక్కకముందే డాక్టరుతో మాట్లాడుకుని, మొదటి ఫిజియోథెరపీ తేదీని ఇంజెక్షన్ తరువాతి వారానికే రాయించుకోవడం మంచిది.